విచ్చుకోకూడని బంతి

మా నాయనమ్మ మంచిది కాదు. పోయిన మనిషిని ఏమీ అనకూడదని మా అమ్మ ఇప్పటికీ నా నోరు నొక్కుతుంది. అమ్మ మెత్తని మనిషి. అత్తగారి దగ్గర పడ్డ మాటలన్నీ అత్తగారితోనే కాటికి పంపేసింది. నాకా గుణం లేదు. నాయనమ్మ తన సొంత కూతుర్ని, అంటే మా మేనత్తను, ఏం చేసిందో నేను ఆ ఇంట్లోనే పెరుగుతూ కళ్ళారా చూశాను. అది కత్తితోనూ కర్రతోనూ చేసిన పని కాదు. కూరగాయల పెరట్లో, బంతి మొక్కల దగ్గర చేసిన పని.

మా ఊరు జగ్గయ్యపేటకీ నందిగామకీ మధ్య ఉంటుంది. హైదరాబాదు రోడ్డు మీద బస్సు దిగి లోపలికి నడవాలి. అన్నీ మెట్టచేలు. నాన్న మిరప వేసేవాడు, తరవాత అందరితో పాటు పత్తిలోకి దిగాడు. ఇంటి వెనక గొడ్లసావిడి, అది దాటితే బావి, బావి పక్కన పెరడు. నాన్న పేరుకి యజమాని, పెత్తనమంతా నాయనమ్మది. ఆవిడ గొంతు లేచిందంటే నాన్న కండువా భుజాన వేసుకుని చేలోకి వెళ్ళిపోయేవాడు. ఆయన పౌరుషమంతా ఎడ్ల మీద చూపించేవాడు.

అత్త నాన్నకి చెల్లెలు. మైలవరం అవతల ఒక పల్లెలో ఇచ్చారు. పెళ్ళయిన కొన్నేళ్ళకే మామయ్య జ్వరంతో పోయాడు. పిల్లల్లేరు. డెబ్బైల మొదట్లో ఒక పొద్దున అత్త ట్రంకు పెట్టె పట్టుకుని మా ఇంటి ముందు నిలబడింది. బడికి తయారవుతున్న నేను జడ సగం అల్లుకునే వీధిలోకి పరిగెత్తాను. నాయనమ్మ నా రెక్క పట్టుకుని వెనక్కి లాగింది. తరవాత గుమ్మంలో ఉన్న కూతురితో అన్న మొదటి మాట ఇది.

“ఇటు కాదు, దొడ్డిదారిన రా.”

బాగున్నావా లేదు, తిన్నావా లేదు. మొగుడు పోయిన ఆడది వీధి గుమ్మంలోంచి ఎదురు రాకూడదట. అత్త పెట్టె నెత్తిన పెట్టుకుని, ఇల్లంతా చుట్టి, పేడకుప్ప పక్కనుంచి పుట్టింట్లోకి వచ్చింది. అప్పటికి ఆవిడకి పాతికేళ్ళు కూడా ఉండవు.

అన్నం పెట్టకముందే షరతు పెట్టింది నాయనమ్మ.

“ఊరికే కూచోబెట్టి మేపడానికి ఇదేం సత్రం కాదు. పెరడు నీకొదిలేస్తున్నా. ఇంటికి కాయగూరలు బయటనుంచి తెచ్చే పని పడకూడదు. పడిందా, మీ బావగారింటికి బస్సెక్కిస్తా.”

బావగారంటే చనిపోయిన మామయ్యకి అన్న. ఆ ఇంట్లో ఏం జరిగిందో అత్త ఎవరికీ చెప్పలేదు. ఆయన మాట ఎత్తితే మాత్రం కొంగు మెడ చుట్టూ బిగించుకునేది. అది చూస్తే చిన్నపిల్లనైన నాకే ఏదో అర్థమయ్యేది. నాయనమ్మకి అర్థం కాలేదంటే నేను నమ్మను. అర్థమైంది కాబట్టే ఆ ఇంటి పేరు చెప్పి బెదిరించేది. ఆ ఇంటికి తిరిగి వెళ్ళకుండా ఉంటే చాలు, అత్తకి ఇంకో కోరిక ఉండేది కాదు.

ఆ ఏడు అత్త పెరట్లో ఒళ్ళు దాచుకోకుండా పని చేసింది. బెండ, గోరుచిక్కుడు, వంగ బాగానే కాశాయి. చిక్కంతా టమాటాతో వచ్చింది. కాయ ఇంకా పచ్చిగా ఉండగానే పచ్చ పురుగు పక్కనుంచి తొలిచి, తల లోపల పెట్టి, సగం ఒళ్ళు బయటే ఉంచుకుని తినేది. నాయనమ్మ కత్తిపీట ముందు కూర్చుని ఒక్కో కాయా కోసి, పురుగున్న ముక్క తీసి తెచ్చి అత్త కంచం పక్కన పెట్టేది.

“నువ్వు పెంచిందే. చూసుకుంటూ తిను.”

అత్త పక్కకి చూడకుండా తినేది. ఆ పురుగు కంచం అంచు దాకా పాకి వచ్చిన రోజు కూడా లేవలేదు. లేస్తే పెట్టిన అన్నం వదిలేసిందని ఇంకో పురాణం మొదలవుతుందని ఆవిడకి తెలుసు.

రెండో ఏడు అత్త బంతి పెట్టింది. వాళ్ళ అత్తగారి ఊళ్ళో కూరగాయలు పండించేవాళ్ళు టమాటా మధ్యలో బంతి పెట్టేవాళ్ళట. ఆ ఘాటుకి పురుగు దగ్గరికి రాదని చెప్పుకునేవాళ్ళట. విత్తనం ఎక్కడ తేవాలి? పక్కింటి గుమ్మానికి ఎండిపోయి వేలాడుతున్న పాత దండ అడిగి తెచ్చింది. బావి గట్టున కూర్చుని ఇద్దరం ఆ పూలు నలిపి, నల్లటి సన్న గింజలు చేటలో పోసుకున్నాం. టమాటా నారు కంటే ముందే బంతి నారు పోసింది. తరవాత రెండు వరసల టమాటాకి మధ్య ఒక బంతి వరస నాటింది. వంగ మడి చుట్టూ వాము, కొత్తిమీర వేసింది. కాలవ గట్టు మీద ఉల్లి పెట్టింది.

సాయంత్రం నీళ్ళు కట్టాక ఆ పెరడంతా ఒక వాసన వచ్చేది. వాము ఆకు, బంతి ఆకు, తడిసిన మట్టి కలిసిన ఘాటు. నేను బడినుంచి వచ్చి పుస్తకాలు బావి దగ్గర పడేసి నేరుగా ఆ మళ్ళలోకి వెళ్ళేదాన్ని. అత్త ఆకు తుంచి నా ముక్కు దగ్గర పెట్టి, “పురుగువైతే వస్తావా చెప్పు?” అనేది. నేను ముక్కు మూసుకుని పారిపోయినట్టు ఆడితే నవ్వేది. ఆవిడ నవ్వగా నేను చూసింది ఆ మళ్ళలోనే. ఇంట్లో నవ్వితే మొగుడు పోయినదానికి అంత సంబరమేంటని అడిగే మనిషి ఉండేది.

దసరా దగ్గర పడుతుండగా బంతి మొగ్గ తొడిగింది. పక్కింటావిడ గోడ మీదుగా తొంగి చూసి నాయనమ్మని పలకరించింది.

“పిన్నిగారూ, మీ పెరట్లో బంతి బాగా వచ్చిందండీ. పండక్కి నాలుగు పూలు ఇస్తారా?”

“దానికేం భాగ్యం, తీసుకెళ్ళు,” అంది నాయనమ్మ గొప్పగా.

“మొక్కలు ఎవరు పెట్టారండీ?”

ఎవరు పెట్టారో ఆవిడకి తెలుసు. దండ ఇచ్చింది ఆవిడే. కానీ అడిగింది. నాయనమ్మ జవాబు వెతుక్కునే లోపల ఆవిడే మళ్ళీ, “పోనీలెండి, మావాళ్ళు పేటనుంచి తెస్తామన్నారు,” అని తల దించుకుని వెళ్ళిపోయింది. వితంతువు చేతి పూలు దేవుడి పటానికీ పనికిరావు, పుణ్యస్త్రీ తలలోకీ పనికిరావు. ఊరందరికీ ఉన్న పట్టింపే అది. కానీ తన మాట గోడ దగ్గర చెల్లకుండా పోవడం నాయనమ్మకి అంతకు ముందెప్పుడూ జరగలేదు. విసవిసా పెరట్లోకి నడిచింది. వెనకే నేను.

“ముండమోపి చేత్తో పూలతోటా? ఎవరికే ఈ పూలు? నువ్వు పెట్టుకుని తిరుగుతావా?”

“పూల కోసం కాదమ్మా. ఈ వాసనకి టమాటాకి పురుగు రాదంటే పెట్టా.”

నాయనమ్మ ఒక ఆకు తుంచి, అరచేతిలో నలిపి, వాసన చూసింది. ఆవిడ తెలివితక్కువది కాదు. టమాటా పండితే లాభం తనకే అని లెక్క వేసుకుంది. మొక్కలు పీకితే కాయ పోతుంది, ఉంచితే పరువు పోతుంది. రెండూ దక్కే ఉపాయం అక్కడికక్కడే ఆలోచించింది.

“వాసన ఆకులోనే ఉందిగా. ఇంక పూలతో పనేంటి? మొక్కలు ఉండనీ. పువ్వు మాత్రం ఒక్కటి కూడా విచ్చుకోవడానికి వీల్లేదు. రోజూ పొద్దున్నే మొగ్గలన్నీ తుంచి పేడకుప్పలో వెయ్యి.”

“అట్టాగేనమ్మా,” అంది అత్త.

అత్త సంతోషించింది. మొక్కలు పీకించలేదు కదా అని సంతోషించింది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అప్పటినుంచి పొద్దున్నే అత్త కొంగు ఒడి కట్టుకుని వరస వెంబడి వంగి మొగ్గలు తుంచేది. ఒక మొగ్గ తుంచితే దాని కింద రెండు కొమ్మలు చీలి మళ్ళీ మొగ్గ తొడుక్కునేవి. మొక్కలు పొదల్లా తయారయ్యాయి, పని పెరిగింది. గోళ్ళు ఆకుపచ్చగా మారాయి. ఎంత మట్టితో తోమినా చేతుల వాసన పోయేది కాదు. ఆవిడ వంటింట్లోకి వస్తే వెనక్కి తిరక్కుండానే తెలిసిపోయేది. నాయనమ్మకి దాంట్లో కూడా ఒక వంక దొరికింది. ఆ కంపుతో ముద్ద దిగట్లేదంటూ అత్త కంచం గొడ్లసావిడి చూరు కిందకి మార్పించింది. వాసన పుట్టించే మొక్కలు ఉండాలి, పెంచే మనిషి చేతికి ఆ వాసన అంటకూడదు.

ఒక రోజు ఆకుల చాటున ఒక పువ్వు విచ్చుకుంది. అత్త కళ్ళు తప్పించుకున్నది నాయనమ్మ కళ్ళకి దొరికింది. పచ్చటి ముద్దబంతి, రేకులు కిక్కిరిసి భలే ఉంది. దాన్ని తుంచి తెచ్చి వాకిట్లో వేసి, అత్తని పిలిచి, కాలితో తొక్కమంది. పాలేరు చూస్తున్నాడు, అమ్మ వంటింటి తలుపు పట్టుకుని నిలబడింది, నాన్న కండువా వెతుక్కుంటున్నాడు. అత్త తొక్కింది. “ఇంకా,” అంది నాయనమ్మ. అత్త ఇంకా తొక్కింది. రేకులు మట్టిలో కలిసిపోయి పచ్చటి మరక మిగిలేదాకా తొక్కించి, ఆ పూట అన్నం పెట్టొద్దని అమ్మకి చెప్పింది. నేను ఏడ్చాను. ఏడ్చినందుకు నాకూ ఒకటి పడింది.

అంత చేసినా టమాటాకి పురుగు పట్టింది. మొదటి ఏటికంటే ఎక్కువే పట్టింది. పిందె దశలోనే కాయకో రంధ్రం. అత్త తెల్లవారకముందే వెళ్ళి పురుగులు ఏరేది, వాము ఆకు నలిపి మొక్కల మొదట్లో వేసేది, బంతి ఆకులు కోసి టమాటా కొమ్మల మీద పరిచేది. ఆకుల వాసన చాలట్లేదేమో అనుకుంది పాపం. పురుగు మాత్రం ఆగలేదు. చివరికి ఒక రోజు నాయనమ్మ బుట్టెడు పుచ్చు కాయలు నాన్న మంచం ముందు గుమ్మరించింది.

“చూడరా మీ చెల్లెలి చెయ్యి. ఏది ముట్టుకుంటే అది నాశనం. మొగుడు, మొక్క అని తేడా లేదు. రేపు దాని బావగారింట్లో దించేసి రా.”

నాన్న దించేసి వచ్చాడు. అత్త బయల్దేరేటప్పుడు నేను కాళ్ళకి చుట్టుకుంటే, నా తల మీద చెయ్యి వెయ్యబోయి వెనక్కి తీసుకుంది. “వద్దులేవే, నా చెయ్యి మంచిది కాదు,” అంది. వెక్కిరింతగా అన్నది కాదు, కోపంగా అన్నదీ కాదు. నిజంగా నమ్మింది. మళ్ళీ దొడ్డిదారినే వెళ్ళింది.

ఆ తరవాత జరిగింది ఇంకా ఘోరం. మొగ్గలు తుంచేవాళ్ళు లేక బంతి మొక్కలన్నీ ఒక్కసారిగా పూశాయి. గిల్లి గిల్లి పొదలు కట్టిన మొక్కలు కదా, ఆకు కనపడకుండా పూశాయి. ఆ వెనక వచ్చిన టమాటా కాపు శుభ్రంగా వచ్చింది. కాయ కోస్తే పురుగు లేదు. నాయనమ్మ పిలిచి మరీ అందరికీ చూపించింది. “అది గడప దాటిందో లేదో పెరడు తిప్పుకుంది,” అని. మరి ఆ బంతి పెట్టింది ఎవరు? ఆ సంగతి ఎవరూ అడగలేదు. ఇప్పుడు నీళ్ళు పోసేది మనవరాలేగా, ఇంక పూలకి దోషం లేదని నాయనమ్మ దండలు కట్టించి గుమ్మాలకి వేసింది, వేదాద్రి గుడికి వెళ్ళేవాళ్ళ చేత స్వామికి పంపింది. పక్కింటావిడ కూడా బుట్ట పట్టుకుని వచ్చింది. నాయనమ్మ నాకు జడలో ఒకటి పెట్టబోతే పీకి పారేశాను.

ఏళ్ళు గడిచాయి. నాకు పెళ్ళయి నందిగామలో కాపురం పెట్టాను. అద్దె ఇంటి వెనక చారెడు జాగా ఉంటే టమాటా వేసి, మధ్యలో బంతి పెట్టాను. పొద్దున్నే మొగ్గలు తుంచేదాన్ని. కూరగాయల్లో బంతి అంటే మొగ్గ తుంచి పెంచేదే అని నా బుర్రలో అలా ఉండిపోయింది. మా ఇంట్లో అలాగే కదా చేశారు. వ్యవసాయ శాఖలో పనిచేసే పక్కింటాయన ఒక రోజు చూసి ఆగాడు.

“ఏంటమ్మా, పూలన్నీ మొగ్గలోనే తుంచేస్తున్నారు?”

“పురుగు రాకుండా పెట్టామండీ. ఆకు వాసన చాలుగా?”

“ఆకు వాసన కొంత పనిచేస్తుందేమో గానీ, టమాటా పురుక్కి అసలు మందు పువ్వేనమ్మా. గుడ్లు పెట్టే రెక్కల పురుగు టమాటా కంటే ముందు బంతిపూల మీదే వాలుతుంది. గుడ్లన్నీ అక్కడే పెట్టేస్తుంది. మీరు పూలు లేకుండా చేస్తే అదింకెక్కడికి పోతుంది? టమాటా మీదికే.”

ఆయన చెప్పేసి ఆఫీసుకి వెళ్ళిపోయాడు. నేను వొళ్ళో మొగ్గలతో ఆ మడి గట్టునే కూలబడ్డాను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. పేడకుప్పలో పోసిన మొగ్గలన్నీ కళ్ళ ముందు తిరిగాయి. పురుగును పిలిచింది అత్త చెయ్యి కాదు, నాయనమ్మ నోరు. ఈ మాట అత్తకి చెప్పాలి, వెంటనే చెప్పాలి అనిపించింది.

కొన్నాళ్ళకే ఆ అవకాశం వచ్చింది. నాయనమ్మకి పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. ఎత్తడం, కడగడం అమ్మ నడుముతో అయ్యే పని కాదు. అప్పుడు గుర్తొచ్చింది అందరికీ, ఆవిడకో కూతురుందని. నాన్న ఆ ఇంటికి వెళ్ళే ముఖం లేక నన్ను పంపాడు.

అత్త నన్ను చూసి ముందు గుర్తుపట్టలేదు. చిక్కిపోయింది. బావగారు కళ్ళు కనపడక అరుగు మీద దగ్గుతూ కూర్చున్నాడు. ఆయన్ని దాటేటప్పుడు అత్త ఇంకా ఒదిగే నడిచింది. వాళ్ళమ్మ రమ్మందని చెప్పగానే ఆవిడ ముఖం విప్పారింది. “అమ్మే అడిగిందా? నన్నే రమ్మందా?” అని దారంతా అడుగుతూనే ఉంది. బావి నీళ్ళు తీపేనా, సావిడి తీసేశారా, అమ్మ పెరుగన్నం తింటుందా అని ఆపకుండా మాట్లాడింది. మైలవరం బస్టాండులో నందిగామ బస్సు కోసం కూర్చున్నప్పుడు నేనింక ఆగలేకపోయాను. పువ్వు సంగతంతా చెప్పాను.

ఆవిడ తన చేతులు తిప్పి చూసుకుంది.

“అయితే నా చెయ్యి కాదన్నమాట.”

“కాదత్తా. ఎప్పుడూ కాదు.”

నేను ఆవిడ సంతోషిస్తుందనుకున్నాను.

“ఆ ఇంట్లో పడ్డవన్నీ నా రాత అనుకుని పడ్డానే,” అంది అత్త మెల్లగా. “రాత అయితే ఎవర్నని తిడతాం, పడి ఊరుకున్నా. ఇప్పుడదంతా మా అమ్మ చేసిందయిందే.”

బస్సు వచ్చింది. ఎక్కింది.

నాయనమ్మకి అత్త చెయ్యని సేవ లేదు. ఒళ్ళు తుడిచేది, బట్టలు మార్చేది, పుళ్ళు పడకుండా పక్క తిప్పేది, గంజి పట్టేది. ఒక్క మాట మాత్రం మాట్లాడేది కాదు. మాతో మాట్లాడేది, నాయనమ్మతో కాదు. మంచంలో ఉన్న మనిషి మొదట తిట్టింది. తరవాత బతిమాలింది. “ఏమే, పలకవే,” అని కూతురి కొంగు పట్టుకుని ఏడ్చేది. అత్త కొంగు విడిపించుకుని పని చూసుకునేది. నాకు, నిజం చెబుతున్నాను, కడుపు చల్లగా ఉండేది.

ఒక మధ్యాహ్నం నేను చూడటానికి వెళితే నాయనమ్మ నా చెయ్యి పట్టుకుంది. మాట ముద్దగా వచ్చేది, అయినా తెలిసేది.

“దానికి నా మీద ఏం కోపమే? నేనేం చేశా?”

అత్త గంజి గిన్నె పట్టుకుని అక్కడే కూర్చుని ఉంది. నేను దాచలేదు. “బంతి మొగ్గలు తుంపించావుగా నాయనమ్మా. పూలుంటే టమాటాకి పురుగు పట్టేది కాదు. పురుగు పట్టిందనేగా అత్తని ఆ ఇంటికి పంపేశావు.”

నాయనమ్మ నా వైపు చూసింది, కూతురి వైపు చూసింది. కనుబొమలు ముడిచి బాగా ఆలోచించింది. ఆవిడ నటన నాకు తెలుసు, చిన్నప్పటినుంచి చూసినదాన్ని. అది నటన కాదు.

“ఏ మొగ్గలే?” అంది.

అత్త గరిటె గిన్నెలో పెట్టింది. తరవాత వంగి, తల్లి మూతి పక్కన కారిన గంజి తన కొంగుతో తుడిచింది.

“నోరు తెరువమ్మా,” అంది. “చల్లారిపోతోంది.”

కూతురు పలికిందని నాయనమ్మ సంతోషంగా నోరు తెరిచింది.